అమ్మమ్మ తల్లి పేరేమి?

మన దేశమున గోత్ర మెఱుగని ద్విజుడు లేడు. ఇంటిపేరు చెప్పలేని గృహస్థు లేడు. పెండ్లిపీటలమీద వరుని ప్రవర చదువునప్పుడు ముత్తాత పేరు, తాత పేరు, తండ్రి పేరు వరుసగా వినవచ్చును. ఫలానివారి మునిమనుమనికి, ఫలానివారి మనుమనికి, ఫలానివారి కుమారునికి అని పురోహితుడు ముమ్మాఱు గొంతెత్తి పలుకును. వధువునకును అంతియే: ఆమె ముత్తాత, ఆమె తాత, ఆమె తండ్రి. కన్నతల్లి పందిటిలోనే కన్నీరు తుడుచుకొనుచు నిలిచియుండగా ఆమె పేరు ఆ సంస్కృతవాక్యములో ఒక్కచోటనైనను దొరలదు.

తర్పణములలో తల్లికి చోటు గలదుగదా యని పెద్దలు మమ్ము మందలింపవచ్చును. గలదు. తల్లి, తండ్రిని గన్న తల్లి, తాతను గన్న తల్లి యని ఒక మువ్వురు. మాతామహుని పక్షమున అమ్మమ్మ, మాతామహుని తల్లి, ఆయన తండ్రిని గన్న తల్లి యని మఱి మువ్వురు. ఈ యార్గురును ఎవరో యొక పురుషుని చేయి పట్టుకొని ఆ పంక్తిలో కూర్చుండినవారు. అమ్మమ్మను గన్న తల్లి మాత్రము ఆ పంక్తిలో లేదు. ఆమెకు నువ్వులును లేవు, నీళ్లును లేవు. ఈ వ్యాసమునకు పూనుకొన్నప్పుడు మేము మా యమ్మమ్మ తల్లి పేరు విచారింపగా మా యింట నెవ్వరికిని దెలియలేదు. పాఠకులలో ఎందఱికి దెలియునో వారే చెప్పవలెను.

ఆశ్చర్యమేమనగా, మనము ఇంత శ్రద్ధగా మఱచిన ఆ వరుసనే ప్రకృతి అంతకంటె శ్రద్ధగా లిఖించి పెట్టుకొనినది.

మన శరీరములోని దాదాపు ప్రతి జీవకణమునందును నడుమ నొక గర్భము గలదు. అందులోని డీ.ఎన్.ఏ. అను లిపి సుమారు 600 కోట్ల యక్షరములు గలది. దానిలో సగము తల్లిది, సగము తండ్రిది. ప్రతి తరమునను ఈ రెండును కలిసి పేకముక్కలవలె మాఱిపోవుచుండును. కాని ఆ గర్భమునకు వెలుపల మైటోకాండ్రియా లను చిన్న చిన్న పొయ్యిలు గలవు. కణమునకు శక్తి నిచ్చునవి అవియే. వానికి వేఱుగా తమదైన చిన్న గ్రంథ మొకటి యున్నది. అందు 16,569 అక్షరములు మాత్రమే. దీనిని మొదట కేంబ్రిడ్జిలో సంపూర్ణముగా చదివి 1981లో ప్రకటించిరి. తండ్రి బీజముతో వచ్చిన మైటోకాండ్రియాలు తల్లి అండములో నశించిపోవును. కావున ఈ చిన్నగ్రంథము తల్లినుండి మాత్రమే బిడ్డకు వచ్చును. కొడుకునకును వచ్చును, కూతునకును వచ్చును. కాని ముందునకు కొనిపోగలది కూతురు మాత్రమే.

తాళపత్రప్రతులను పరిష్కరించు పండితులు చేయు పని మన పాఠకు లెఱుగుదురు. ఒక లేఖకుడు ఒక్క యక్షరము తప్పు వ్రాసెనా, ఆ ప్రతిని జూచి వ్రాసిన ప్రతులన్నిటను ఆ తప్పే కానవచ్చును. ఏ యే ప్రతులలో ఏ యే తప్పులు సమానముగా నున్నవో చూచి, ఏది దేనికి మాతృకయో నిర్ణయింతురు. తల్లిగ్రంథముతోను శాస్త్రజ్ఞులు ఇదే పని చేసిరి. 1987లో రెబెకా కాన్, మార్క్ స్టోన్‌కింగ్, అలన్ విల్సన్ అను మువ్వురు కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమునుండి 147 మంది ప్రతులను పోల్చి, నేటి మానవులందఱి తల్లివరుసలును సుమారు రెండు లక్షల యేండ్ల క్రిందట ఆఫ్రికాలో నుండిన ఒక స్త్రీయొద్ద కలియునని ప్రకటించిరి. ఆమె కాలమున ఆమె యొక్కతయే స్త్రీ యని దీని యర్థము గాదు. వేలకొలది స్త్రీలుండిరి. వారి వరుసలు ఎక్కడనో ఒకచోట కొడుకులతోనే ముగిసిపోయినవి. ఈమె కూతుళ్ల వరుస తెగలేదు. అంతియే.

ఆమె సంతతిలో ఎల్ 3 అని గుఱుతు పెట్టిన శాఖ తూర్పు ఆఫ్రికాలో సుమారు 70 వేల యేండ్ల నాడు చిగిర్చినది. దానినుండి ఎం, ఎన్ అని రెండు కొమ్మలు. ఆఫ్రికా వెలుపలి ప్రాచీనజనులందఱును ఈ రెండు కొమ్మలలోని వారే. మేము చెప్పదలచినది ముఖ్యముగా ఎం కొమ్మను గూర్చి. 50, 60 వేల యేండ్ల నాటి యొక తల్లి కూతుళ్లు ఎంత దూరము నడచిరో చూడుడు. అండమాను దీవులలోని ఒంగేలు, గ్రేట్ అండమానీయులు అందఱును ఎం 31, ఎం 32 అను ఉపశాఖలలో నున్నారు. హైదరాబాదులోని కణ, అణు జీవశాస్త్ర కేంద్రమున తంగరాజుగారును, లాల్జీ సింగుగారును తోడివారితో కలిసి 2005లో దీనిని ప్రకటించిరి. ఆస్ట్రేలియా ఆదిమవాసులలో ఎం 42. చీనా, జపాను, సైబీరియాలలో డి, సి మొదలగునవి. ఈ డి, సి శాఖలవారే మంచుకాలమున ఆసియానుండి అమెరికాలో అడుగుపెట్టిన వారిలో కొందఱు. ఐరోపాలో నేడు ఈ కొమ్మ దాదాపు లేదు. అయినను బెల్జియము, ఫ్రాన్సు దేశములలో దొరికిన మంచుకాలపు టెముకలలో అది యున్నట్లు 2016లో తేలినది. అచ్చటి యా తల్లుల వరుస చలిలో అంతరించినది.

ఎం పుట్టిన చోటు ఆఫ్రికాయే యని 1999 ప్రాంతమున కొందఱు వాదించిరి; ఇథియోపియాలో అది కానవచ్చుటయే వారి యాధారము. కాని అచ్చట నున్నది ఎం 1 అను ఒక్క రెమ్మ మాత్రమే. అదియును ఆసియానుండి వెనుకకు మఱలినవారిదని 2006లో వచ్చిన పరిశోధన చూపినది. మన దేశమున నన్ననో, కాండమునుండి నేరుగా మొలిచిన కొమ్మలే అనేకములున్నవి. నేటి భారతీయులలో 100కి సుమారు 60 మంది ఎం వారే. వీనిలో మిక్కిలి పాతదిగా నెన్నబడు ఎం 2 దక్షిణమునను, అడవిజాతులయందును తఱచుగా కానవచ్చును.

ఇక మా యసలు వాదమునకు వత్తుము. ఆ 60 మంది యెవరు? బ్రాహ్మణులా, చెంచులా? ఇద్దఱును. ఎస్టోనియా దేశపు టూమాస్ కివిసిల్డుగారు భారతీయ సహచరులతో కలిసి మన నల్లమల చెంచులను, కోయలను, వివిధకులములవారిని పోల్చి 2003లో తేల్చినది ఇదియే: కులములవారిలోను గిరిజనులలోను ఉన్న తల్లివరుసలలో అధికభాగము ఒకే ప్రాచీనసంపద, మొదట ఈ గడ్డమీద కాలుమోపినవారి వారసత్వము ఇద్దఱిలోను నిలిచియున్నది. లోకములో ఏ యిరువురి వరుసలైనను ఎక్కడనో కలియకపోవు. అది పెద్దమాట గాదు. ఇచ్చట గమనింపదగినది, అవి ఆఫ్రికాలో గాక ఈ నేలమీదనే కలియుచున్నవి అనునది. అగ్రహారపు సోమయాజిగారి తల్లివరుసయు, తేనె పట్టు కోయు చెంచు తల్లివరుసయు ఒకే కొమ్మమీది రెండాకులు కావచ్చును.

మా వాదమునకు ప్రతికూలమైన దానిని దాచుట మాకు సమ్మతము గాదు. విశాఖపట్టణప్రాంతపు కులములను పరీక్షించి మైకేల్ బామ్‌షాడ్ ప్రభృతులు 2001లో ప్రకటించిన దానిని బట్టి, భారతీయ తల్లివరుసలలో 100కి 20, 30 పడమటి శాఖలకు చెందినవి. అవి పైకులములందు కొంత హెచ్చు. తండ్రివరుసలలో ఈ పడమటి సామీప్యము ఇంకను స్పష్టము. కులము పైకి పోవుకొలది అది హెచ్చినది. ఇదిగో, శాస్త్రమే కులమును సమర్థించినదని కొందఱు సంబరపడిరి. వారు పుటలో సగమే చదివిరి. ఏ కులమును తీసికొన్నను తల్లివరుసలు మొత్తముమీద ఆసియాకే దగ్గఱ యని ఆ వ్యాసములోనే యున్నది. అనగా పైకులపు పురుషుడు తాను దూరమునుండి వచ్చిన ఋషిసంతతినని గర్వించునపుడు, తనను గన్న తల్లుల వరుస అధికముగా ఈ నేలదే యని మఱచుచున్నాడు. అంతకుముందే, 1998లో, వారే మఱియొక సంగతి వెల్లడించిరి. కులముల మెట్లమీద పైకి పోయినవారు స్త్రీలు, పురుషులు కదలలేదు. దీనికి మన ధర్మశాస్త్రములలో అనులోమమని పేరు. పైవాడు క్రిందిపిల్లను తెచ్చుకొనవచ్చును. క్రిందివాడు పైపిల్లను చేకొనెనా, శూద్రునకు బ్రాహ్మణస్త్రీయందు పుట్టినవాడు చండాలుడని మనువు తీర్పు. తలుపునకు ఒకవైపుననే గడియ పెట్టి, లోపలికి రానిచ్చిన స్త్రీ పుట్టింటిని గోత్రములోనుండి తుడిచివైచి, ఆ మీదట ఇంటిలోనివారమంతయు పరిశుద్ధులమని చాటుకొనుట యిది.

అహోబిలనరసింహుడు చెంచుపిల్లను వలచి పెండ్లాడెనని మనమందఱమును నమ్ముదుము. పారువేటకు స్వామి ఊరూర తిరుగుచు అత్తవారింటికి వచ్చెనని పండుగ చేయుదుము. దేవుడు చేసిన పెండ్లికి హారతి. పొరుగింటి పిల్ల చేసిన పెండ్లికి కత్తి నూఱుట. ఈ రెండును ఒక్క మనస్సులో ఎట్లు ఇముడుచున్నవో మా కర్థము గాదు.

కులము అనాది యనువారి కింకొక మాట. ప్రియా మూర్జానీగారును, తంగరాజుగారును, డేవిడ్ రైఖుగారును, తోడివారును 2013లో చూపినదేమనగా, ఇప్పటికి సుమారు 4,200 యేండ్ల క్రిందటినుండి 1,900 యేండ్ల క్రిందటివరకు ఈ దేశపుజనులు విరివిగా కలిసికొనిరి; మారుమూల జాతులుకూడ ఆ కలయికకు తప్పలేదు. అటుపిమ్మట అది మూతబడినది. మిశ్రమము ముందు, కట్టడి తరువాత. కలిసిన పాలును నీళ్లును కడవలలో పోసి మూతలు బిగించి, ఒక్కొక్క కడవయు వేఱుగోవు పాలని చెప్పుకొనుచున్నాము.

మూత బిగిసిన కాలమునకు మన యాంధ్రచరిత్రలో ఒక విచిత్రమైన సాక్ష్యము గలదు. శాతవాహనులలో ప్రసిద్ధుడు గౌతమీపుత్ర శాతకర్ణి. తల్లి పేరుతో వెలసిన రాజు! ఆయన తరువాతివాడు వాసిష్ఠీపుత్ర పులుమావి. (గౌతమి యనునది ఆమె తండ్రిగారి గోత్రమే యని మాకు దెలియును, అయినను తల్లిద్వారా చెప్పుకొనుట చెప్పుకొనుటయే.) నాసిక గుహలో ఆ రాజమాత గౌతమీ బాలశ్రీ వేయించిన శాసనమున్నది. కొడుకును పొగడుచు ఆమె చెప్పిన గొప్పలలో, అతడు శక, యవన, పహ్లవులను నిర్మూలించెననుట యొకటి. నాలుగు వర్ణముల సంకరమును మాన్పెననుట మఱియొకటి. కాలము క్రీస్తుశకము మొదటి, రెండవ శతాబ్దుల ప్రాంతము. అనగా శాసనము చెప్పినదియు, రక్తము చెప్పుచున్నదియు ఇంచుమించు ఒకే కాలమును చూపుచున్నవి. ఒక్క రాజు ఆజ్ఞచే దేశమంతట మూత పడెనని మేము చెప్పబోము. ఆ కోరిక ఆనాటి యేలికలకు గలదని మాత్రము స్పష్టము.

ఆ గొప్ప ఎన్నాళ్లు నిలిచినది? ఆ వంశమువాడే యైన వాసిష్ఠీపుత్ర శాతకర్ణి, శకుల కార్దమకవంశపు మహాక్షత్రపుని కూతును పెండ్లాడెను. కన్హేరి గుహలలోని శాసనము ఈ సంగతి చెప్పుచున్నది. జునాగఢు శాసనములో మహాక్షత్రప రుద్రదాముడు దక్షిణాపథపతి యగు శాతకర్ణిని రెండుమాఱులు గెలిచియు, దగ్గఱ సంబంధమువలన విడిచిపుచ్చితినని చెప్పుకొనెను. నిర్మూలింపబడిరన్న శకులింటి పిల్లయే కోడలుగా వచ్చి రాజ్యము నిలిపినది. కన్హేరిలో ఆమె తండ్రివంశ మున్నది, భర్తపేరున్నది. ఆమె పేరు మనకు దక్కలేదు.

మేనరికపు సంగతియు చెప్పక తీరదు. మన తెలుగుదేశమున సగోత్రమని, ఎన్నడు మొగము చూచి యెఱుగని రెండు కుటుంబముల పిల్లలకు పెండ్లి తగదందురు. అక్కకూతును తమ్మునికి చేయుటకు మాత్రము సందేహింపరు. బౌధాయనుడే మేనమామకూతును పెండ్లాడుట దాక్షిణాత్యుల యాచారమని వేఱుగా పేర్కొనెను. మనవారు ఇంకొక యడుగు ముందునకు వేసి మేనమామకే యిచ్చిరి. మేనమామకును మేనకోడలికిని మైటోకాండ్రియా గ్రంథము ఒక్కటియే. జీవకణగర్భములోని లిపియందును నాలుగింట నొక వంతు ఉమ్మడి. అయినను గోత్రములు వేఱుగదా యని మనవారికి నిశ్చింత. ఎందుచేతననగా గోత్రమునకు తల్లి కనబడదు. వేయి యేండ్ల దూరపు తండ్రివరుసను పట్టుకొని వ్రేలాడు నియమము, కండ్లయెదుటి తోబుట్టువులను తోబుట్టువులుగా గుర్తింపలేకపోయినది. ఈ సంబంధములలో పుట్టిన పిల్లలకు చెడిన లిపి రెండువైపులనుండియు దొరకి వ్యాధులు కలుగుట వైద్యులందఱు నెఱిగినదే.

కులమంతయు ఒక పెద్ద మేనరికమే యగునప్పుడు ఫలమును అటువంటిదే. 2017లో దక్షిణాసియాలోని 263 సమూహములను పరీక్షింపగా, వానిలో 81 సమూహములందు కొలదిమంది మూలపురుషులనుండియే సంతతి పెరిగిన గుఱుతులు, ఆ విషయమున ప్రసిద్ధికెక్కిన ఫిన్లాండు జనులలోకంటెను హెచ్చుగా నున్నవి. మన ప్రాంతపు వైశ్యులు అందొకరు. మత్తు ఇచ్చునపుడు కండరములను సడలించుటకు వాడు ఒక మందు సామాన్యులకు కొలది నిమిషములలో విఱిగిపోవును. దానిని విఱుచు ద్రవ్యము పుట్టుకతో లోపించినవారికి శ్వాస చాలసేపు స్తంభించును. ఈ లోపము వైశ్యులలో హెచ్చుగా నున్నదని వైద్యులు గుర్తించి, శస్త్రచికిత్సకు ముందు కుల మడిగి జాగ్రత్తపడుదురు. ఆ కులమును నిందించుటకు దీనిని చెప్పలేదు. ప్రతి కులమునకును తన తన లోపము గలదు, పరీక్షించిన కొలది బయటపడుచున్నది. కులమువారు తరతరములుగా పదిలపఱచిన రక్తశుద్ధి శస్త్రచికిత్సాలయములో ఈ రూపమున తేలుచున్నది.

ఇప్పుడు క్రొత్తగా ఇంకొక వ్యామోహము బయలుదేఱినది. గొట్టములో ఉమ్మి పంపినచో మీ తల్లివరుస యేదో రంగుల పటముతో చెప్పెదమని వర్తకులు పిలుచుచున్నారు. చదువుకొన్న కుటుంబములవారే పంపి, మాది పడమటి శాఖ యట యని మీసము దువ్వుచున్నారు. తాతల గోత్రము చాలక అమ్మమ్మలకును గోత్రము కల్పించుట యిది. లెక్క చూచినచో ఈ గర్వము నిలువదు. పది తరములు వెనుకకు పోయినచో ప్రతి మనుష్యునకును 1,024 పూర్వస్థానములు గలవు. తల్లివరుస వారిలో ఒక్కరిది, తండ్రివరుస మఱియొక్కరిది, తక్కిన 1,022 మందిమాట ఈ రెండు వరుసలును చెప్పవు. హర్యాణాలోని రాఖీగఢిలో సింధునాగరకతనాటి యొక స్త్రీ యెముకనుండి తీసిన తల్లివరుస యూ 2 బి 2 అని 2019లో ప్రకటింపబడినది. అది ఎన్ కొమ్మలోనిది. ఆ శాఖవారు నేటికిని మన దేశమున నున్నారు. వారు హరప్పా వారసులమని పట్టాలు చేయించుకొందురేమో! ఆమె రక్తము వేఱుదారుల వెంట కోట్లకొలది భారతీయులలో పాఱుచున్నది; వారి తల్లిగ్రంథములలో మాత్రము ఆమె ముద్ర లేదు.

కొడుకు లేనివానికి పున్నామనరకమని భయపెట్టి, వంశము నిలుపువాడు పుత్రుడేయని వేలయేండ్లుగా చెప్పుచున్నాము. తండ్రివరుస కొడుకువలన నిలుచునన్నమాట నిజమే. తల్లివరుస కూతువలన నిలుచును. ఐదుగురు కొడుకులను గన్న తల్లిని సభాముఖమున అదృష్టవంతురా లందుము. 60 వేల యేండ్లు తెగకుండ వచ్చిన ఆమె వరుస ఆమెయొద్దనే తెగుచున్నదని ఎవ్వరును ఎంచరు. గర్భమున నున్నది ఆడుశిశువో మగశిశువో చెప్పరాదని 1994లో శాసనము చేసిన పిదపను, 2011 జనాభాలెక్కలలో ఆరేండ్లలోపు మగపిల్లలు 1,000 మందికి ఆడుపిల్లలు 919 మంది మాత్రమే. ఈ తక్కువబడిన పిల్లలు కఱవువలన పోలేదు, మశూచివలన పోలేదు. వంశము నిలుపుకొనుటకై ఇంటివారే పోగొట్టుకొనిరి.

మన కుటుంబములలో కొందఱు వంశవృక్షములు అచ్చువేయించుచున్నారు. మంచిదే. మేము చూచినవానిలో కొడుకులకు కొమ్మలు, కొడుకుల కొడుకులకు రెమ్మలు. కూతుళ్లున్నచోట తఱచుగా పేరుకు మాఱుగా అంకె మాత్రమే: కుమార్తెలు ఇద్దఱు, కుమార్తెలు నలుగురు. ఆ యింటనే ఒక మూల పండు ముసలి యొకతె కూర్చుండి యుండును. ఆ నలుగురి పేర్లును, వారిని గన్న తల్లి పేరును, ఆ తల్లి పుట్టినయూరును ఆమెకు దెలియును. వృక్షము వ్రాయువారు ఆమె నడుగరు.

ఆడుగుడు. వ్రాసికొనుడు. రాబోవు పెండ్లిలో ప్రవరతోపాటు తల్లి, అమ్మమ్మ, అమ్మమ్మ తల్లి పేర్లును చదివింపుడు, ముహూర్తము దాటిపోదు. ఉభయపక్షములకును కలిపి ఆఱు పేర్లు మాత్రమే. శాస్త్ర మొప్పదని పురోహితులవా రనినచో, వర్ణసంకరమును మాన్పెనని పొగడ్తకెక్కిన ఆంధ్రరాజు తన్ను ఎవరి కొడుకునని చెప్పుకొనెనో వారినే యడుగుడు.